రోగి యింటికి మరలివచ్చుట: ఒక ఆస్పత్రి చరిత్రము

నేడు నేను మనవి చేయబోవు విషయము కొందఱికి వినుటకు ఇంపుగా నుండకపోవచ్చును. హెచ్.ఐ.వి. యను క్రిమి సోకినవారికి మందిచ్చిన పిమ్మట ఇంకను చేయవలసిన సేవ యేమి, ఆ సేవ లోకములో ఎట్లు పుట్టి యెట్లు పెరిగినది యను సంగతిని చెప్పదలచితిని. మందు ప్రాణమును నిలుపును. కాని నిలిచిన ప్రాణము కాలిమీద నిలువవలెను, తనచేత తాను ముద్ద తినవలెను, గడప దాటి నలుగురిలో కూర్చుండవలెను. ఈ రెండవ కార్యమునకు ఆంగ్లేయ వైద్యులు రిహాబిలిటేషన్ అని పేరిడిరి. మనము పునరుద్ధరణ సేవ యనుకొందము. సిద్ధాంతములు వల్లించుటకంటె ఒక్క ఆస్పత్రి కథ చెప్పినచో విషయము తేటపడునని తోచినది. ఆ ఆస్పత్రి లండను నగరమందు కలదు. దాని పేరు మైల్డ్‌మే. ఈ చరిత్రమును నేను వెదకి చదువుటకు సొంత కారణ మొకటి యున్నది. దానిని చివర మనవి చేయుదును.

లండను నగరపు తూర్పుభాగమున షోర్‌డిచ్ అను పేట కలదు. పందొమ్మిదవ శతాబ్దమున అచ్చట ఓల్డ్ నికొల్ అను మురికివాడ యుండెను. ఇరుకు సందులు, గాలి వెలుతురు చొరని గదులు, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబము. 1866వ సంవత్సరమున తూర్పు లండనులో విషూచి, అనగా మనవారు కలరా యనెడు జాడ్యము, వ్యాపించి అయిదువేలమందికి పైగా ప్రాణములు తీసినది. త్రాగునీటిలో మురుగు కలియుటయే దానికి కారణమని పిమ్మట తేలినది. కాని ఆ దినములలో సామాన్యజనులకు ఆ సంగతి తెలియదు. రోగి శ్వాసయే విషమని, వాని వీథిగాలియే మృత్యువని పెక్కురు భయపడి దూరముగా తొలగుచుండిరి.

అప్పుడు విలియం పెన్నెఫాదర్ అను క్రైస్తవ మతాచార్యుడు, ఆయన భార్య కాథరీన్, మైల్డ్‌మే పార్కు అను చోట స్త్రీలకు పరిచర్య నేర్పు సంస్థ యొకటి నడపుచుండిరి. ఆ సంస్థలోని స్త్రీలు ఓల్డ్ నికొల్ సందులలో అడుగిడి రోగులకు సేవ చేసిరి. గంజి కాచిపోసిరి, పక్కబట్టలు మార్చిరి, తల్లిదండ్రులు పోయిన పిల్లలకు అన్నము పెట్టిరి. పెన్నెఫాదర్ 1873లో కాలధర్మము నొందెను. ఆయన భార్య ఆ పనిని విడువక సాగించెను. 1877లో ఆ పేటలోనే యొక పాత గిడ్డంగిని బాగుచేయించి ఇరువదియేడు మంచములతో ఆస్పత్రి తెరచిరి. మైల్డ్‌మే ఆస్పత్రికి అది మొదలు. 1892లో దానికి సొంత భవన మేర్పడెను. కొంతకాలమునకు ఓల్డ్ నికొల్ మురికివాడను పడగొట్టి, ఆ స్థలమున పురపాలకులు క్రొత్త యిండ్లు కట్టించిరి. 1900లో ఆ యిండ్లకు ప్రారంభోత్సవము జరిగినది. పేట రూపు మారినను ఆస్పత్రి మాత్రము కదలలేదు.

1948లో ఇంగ్లండునందు వైద్యమంతయు ప్రభుత్వ వశమైనపుడు మైల్డ్‌మే కూడ ఆ వ్యవస్థలో చేరెను. అటుపిమ్మట పెద్ద ఆస్పత్రులు పెరుగుచు వచ్చినవి. చిన్నవానిని నడపుట గిట్టుబాటు కాదను వాదము బలపడెను. ఆ వాదమునకు లోబడి 1982లో మైల్డ్‌మే మూతపడినది. నూరేండ్లకు పైగా పేదల వాకిట నిలిచిన ఆస్పత్రికి తాళము పడుట చూచి పాతవారు ఊరకుండలేదు. పట్టుబట్టి ఆ భవనమును మఱల చేతికి తెచ్చుకొని, 1985లో ధర్మసంస్థగా తిరిగి తెరచిరి. ఎవరికొఱకు తెరచితిమో వారికే అప్పటికి పూర్తిగా తెలియదు. తెలియజేసినది క్రొత్త వ్యాధి యొకటి.

ఆ వ్యాధి సంగతి కొంచెము చెప్పవలెను. 1981 జూన్ మాసమున అమెరికాలోని లాస్ ఏంజలీస్ నగరమున అయిదుగురు యువకులకు అసాధారణమైన న్యుమోనియా వచ్చినదని వైద్యులు ప్రకటించిరి. ఆరోగ్యవంతులకు రాదగని జబ్బు అది. 1983లో ఫ్రాన్సు దేశమునందలి పాస్టర్ సంస్థలో ఫ్రాన్సువాజ్ బారె-సినూసీ, లూక్ మొంతాన్యే అను శాస్త్రజ్ఞులు దానికి కారణమైన క్రిమిని కనుగొనిరి. దానికై వారికి 2008లో నోబెల్ బహుమానము లభించినది. మన దేహములో రోగములతో పోరాడు తెల్లకణములు కలవు. వానిలో సి.డి.4 అను జాతి కణములు సేనానాయకులవంటివి. ఈ క్రిమి సరిగా ఆ కణములలోనే జొచ్చి, అచ్చటనే సంతతిని పెంచుకొని, వానిని నాశనము చేయును. కావలివాడు లేని చేను పశువుల పాలగునట్లు, అట్టి దేహము క్షయకు, న్యుమోనియాకు, మెదడు పొరల వాపునకు పాలగును. క్రిమి సోకుట వేఱు, ఎయిడ్స్ వేఱు. సోకిన చాల యేండ్లకు, రక్షణబలము బొత్తిగా క్షీణించినపుడు వచ్చు దశకే ఎయిడ్స్ అని పేరు.

ఈ క్రిమి లైంగిక సంబంధమువలన, రక్తమువలన, ఒకరికి వాడిన సూదిని వేఱొకరికి వాడుటవలన, తల్లినుండి గర్భమునందో ప్రసవమునందో చనుబాలవలననో బిడ్డకు సంక్రమించును. ఒక గ్లాసులో నీరు త్రాగుటవలన, ఒక పంక్తిని భుజించుటవలన, చేయి పట్టుకొనుటవలన, దోమకాటువలన సంక్రమింపదు. ఈ సంగతి 1980 ప్రాంతపు దశాబ్దములోనే వైద్యులకు స్పష్టమైనది. కాని తెలిసిన సంగతి మనస్సులో దిగుటకు కాలము పట్టును. ఆస్పత్రులలో సైతము కొందఱు పనివారు రోగి భోజనపు పళ్లెమును గది తలుపువద్దనే పెట్టి పోవుచుండిరి. 1866లో కలరారోగి వీథిగాలికి వెఱచినట్లే నూటయిరువది యేండ్ల తరువాత ఎయిడ్స్ రోగి చేతికి జనులు వెఱచిరి.

1987 ఏప్రిల్ మాసమున లండనులోని మిడిల్‌సెక్స్ ఆస్పత్రియందు ఎయిడ్స్ రోగులకై ప్రత్యేకమైన వార్డు ఏర్పడినపుడు, యువరాణి డయానా ప్రారంభోత్సవమునకు వచ్చి, చేతికి తొడుగు లేకయే రోగి యొకనితో కరచాలనము చేసెను. ఆ ఛాయాచిత్రమును లోకమంతయు చూచినది. అందులో యువరాణి ముఖము కానవచ్చును. రోగి వీపు మాత్రమే కానవచ్చును. తన ముఖమును లోకమునకు చూపుటకు ఆ రోగికి ధైర్యము చాలలేదు. యువరాణి చేయి తాకినను, ఇరుగుపొరుగువారు తనను తాకుదురని అతనికి నమ్మకము కుదరలేదు. ఆ చిత్రమును తలచుకొన్నపుడెల్ల నాకు యువరాణి ముఖముకంటె ఆ మనుష్యుని వీపే యెక్కువగా జ్ఞప్తికి వచ్చును.

ఆ మరుసటి సంవత్సరము, 1988లో, మైల్డ్‌మే ఆస్పత్రి ఎయిడ్స్ రోగులకొఱకు తన తలుపులు తెరచినది. ఐరోపాఖండమున ఈ రోగులకై ప్రత్యేకముగా నేర్పడిన అవసానసేవాగృహములలో అదియే మొదటిదని చెప్పుదురు. అవసానసేవ యనగా మరణము తప్పదని తెలిసిన రోగికి బాధ తెలియకుండ జేసి, ఒంటరితనము లేకుండ జేసి, మర్యాదగా సాగనంపు సేవ. అప్పటికి వ్యాధిని నిలుపు మందు సరియైనది లేదు. 1987లో ఏ.జడ్.టి. యను మందు వచ్చినది గాని, క్రిమి కొలది కాలములోనే దానికి లొంగకుండ మారిపోవుచుండెను. కనుక మైల్డ్‌మేకు వచ్చినవారు చనిపోవుటకే వచ్చిరి. అచ్చటి పరిచారికలు వారి ప్రక్కన కూర్చుండి చేయి పట్టుకొనుచుండిరి. కుటుంబమువారు వెలివేసిన యువకులకు వీరే కుటుంబమైరి. డయానా యువరాణి కూడ పెక్కుమారులు అచ్చటికి వచ్చి రోగులతో మాటలాడుచుండెను.

ఇట్లు ఎనిమిదేండ్లు గడచినవి. 1996లో గొప్ప మార్పు జరిగినది. ఒక్క మందు చాలదు, మూడు మందులను కలిపి యిచ్చినచో క్రిమి తప్పించుకొనజాలదని ఆ సంవత్సరము కెనడాలోని వాంకూవరు మహాసభలో వైద్యులు నిరూపించిరి. క్రిమి చచ్చిపోదు గాని నిద్రించును. సి.డి.4 కణములు మఱల పెరుగును. చనిపోవుదుమని ఆస్తిపాస్తులు పంచిపెట్టి, వీలునామాలు వ్రాసి, పడకలో పడియున్నవారు నెలల లోపల లేచి కూర్చుండిరి. ధనిక దేశములలో ఈ మరణములు శీఘ్రముగా తగ్గినవి.

మరణమునకై ఏర్పడిన గృహము ఇప్పుడేమి చేయవలెను? మూసివేయవలెనా? మైల్డ్‌మేవారు ఈ ప్రశ్నకు సమాధానమును పుస్తకములలో గాక తమ మంచములమీదనే చూచిరి. బ్రతికినవా రందఱు ఒకే తీరున బ్రతుకలేదు. మందు ఆలస్యముగా అందినవారికి, మందు మధ్యలో మానినవారికి, క్రిమి మెదడును దెబ్బతీసెను. కొందఱికి క్షయ మెదడు పొరలకు ప్రాకెను. కొందఱికి శరీరములో నొక ప్రక్క చచ్చుబడెను. వీరు చావరు, కాని యింటికి పోజాలరు. పెద్ద ఆస్పత్రులు ప్రాణాపాయము తప్పించి, మంచము ఖాళీ చేయవలసినదిగా తొందరించును. ఇల్లు వీరిని మోయజాలదు. ఆ రెంటి నడుమ సత్రము కావలెను. మైల్డ్‌మే ఆ సత్రమాయెను. అవసానసేవ క్రమముగా పునరుద్ధరణ సేవగా మారెను. ముఖ్యముగా హెచ్.ఐ.వి. వలన మెదడు దెబ్బతిన్నవారికి మఱల జీవనము నేర్పుట ఆ ఆస్పత్రికి ప్రత్యేకవిద్య యైనది.

ఆ విద్య యెట్టిదో కొంచెము విప్పి చెప్పుదును. మెదడునకు దెబ్బ తగిలిన రోగి స్థితిని ఊహింపుడు. చేయి కలదు, కాని చొక్కాకు బొత్తాము పెట్టుకొనలేడు. నోరు కలదు, కాని కావలసిన మాట కావలసినపుడు రాదు. టీ కాచుకొందమని పొయ్యి వెలిగించి, గిన్నెలో నీరు పోయుట మఱచి, ప్రక్కగదిలోనికి పోవును. ఉదయము మందు వేసికొంటినా లేదా యన్నది జ్ఞాపకముండదు. ఈ చివరి మఱపు అన్నిటికంటె ప్రమాదకరమైనది. మఱపువలన మందు తప్పును. మందు తప్పుటవలన క్రిమి విజృంభించి మెదడు ఇంకను చెడును. మెదడు చెడుటవలన మఱపు హెచ్చును. ఈ చక్రమును ఎచ్చటనో యొకచోట ఆపవలెను. ఒంటరిగా నున్న రోగి తనంత తానాపుకొనలేడు.

కావున అట్టి రోగికి ఒక్క వైద్యుడు చాలడు. నడకను నేర్పు ఫిజియోథెరపిస్టు, నిత్యకృత్యములను మఱల అలవాటు చేయించు ఆక్యుపేషనల్ థెరపిస్టు, మాటను సరిచేయువారు, ఆహారము చూచువారు, మనోవ్యథ వినువారు, ఇల్లు, పింఛను, కాగితముల సంగతి చూచువారు, ఇందఱు కలిసి పనిచేయుదురు. రోగి యేమి కోరుచున్నాడో మొదట అడుగుదురు. ఒకరు ‘మెట్లెక్కి నా గదికి పోవలె’నందురు. వేఱొకరు ‘నా బిడ్డకు నేనే వండిపెట్టవలె’నందురు. ఆ కోరికను చిన్నచిన్న మెట్లుగా విడదీయుదురు. వంటగదిలో ప్రక్కన నిలిచి, నేడు నీరు పోయుట, రేపు పొయ్యి వెలిగించుట, ఎల్లుండి రెండును వరుసగా చేయుట నేర్పుదురు. మందులను వారమునకు ఏడు అరలు గల చిన్న పెట్టెలో సర్దుకొనుట నేర్పుదురు. వీథి దాటుట, అంగడిలో సొమ్ము లెక్కపెట్టుట అభ్యాసము చేయింతురు. పసిపిల్లవానికి తల్లి నేర్పు పనులే యివి. తల్లికి సంవత్సరములు పట్టిన పని వీరికి కొన్ని వారములలో, కొన్ని నెలలలో కావలెను.

ఈ సేవ కెనడా దేశమునందు కూడ శ్రద్ధతో పెరిగినది. అచ్చటి టొరంటో నగరపు పరిశోధకులు 2008లో ఒక సంగతిని చక్కగా నిర్ణయించి చెప్పిరి. హెచ్.ఐ.వి. గలవారి అశక్తత స్థిరముగా నుండదట. ఏటి నీటివలె హెచ్చును, తగ్గును. నిన్న పొలములో పనిచేసినవాడు నేడు లేవలేకపోవచ్చును. ఎల్లుండి మఱల పనికి రావచ్చును. రేపెట్లుండునో తెలియకుండుటయే ఆ రోగులకు పెద్ద బాధ. ఈ సంగతి తెలియక మన గ్రామములలో అట్టివానిని సోమరి యందుము, లేదా నటించుచున్నాడందుము. నేను కూడ అట్లని యుంటిని.

మైల్డ్‌మే చరిత్రములో మిగిలిన భాగము సంగ్రహముగా చెప్పి మన దేశమునకు వత్తును. 2014లో దానికి క్రొత్త భవనము లభించినది. 2020 సంవత్సరారంభమున ఆస్పత్రికి రోగులను పంపుట తగ్గి, సొమ్ము చాలక, మఱల మూతపడు స్థితి వచ్చెను. అదే సంవత్సరమున కోవిడ్ జాడ్యము లండనును చుట్టుముట్టెను. అప్పుడు ఇల్లువాకిలి లేక వీథులలో నిద్రించువారిలో జబ్బుపడినవారిని మైల్డ్‌మే చేర్చుకొని సేవ చేసెను. కలరాలో పుట్టినది, ఎయిడ్స్‌లో మఱల కన్నుతెరచినది, కోవిడ్‌లో మఱల నిలిచినది. నూటయేబది యేండ్లలో వ్యాధి మూడుమారులు మారినది. ఇంటివారు, వీథివారు చేర్చుకొనని రోగిని చేర్చుకొనుట యను పని మాత్రము మారలేదు.

ఇక మన దేశము. 1986లో మద్రాసు వైద్యకళాశాలలో డాక్టరు సునీతి సొలొమన్, ఆమె శిష్యురాలు డాక్టరు సెల్లప్పన్ నిర్మల, కొందఱు స్త్రీల రక్తమును సేకరించి వెల్లూరు వైద్యకళాశాలకు కొనిపోయి పరీక్షింపగా హెచ్.ఐ.వి. మన దేశమున నున్నదని మొదటిసారి తేలినది. అంతకు ముందు ఈ వ్యాధి మన దేశమునకు రాదని పెక్కురు ధీమాగా నుండిరి. సునీతి సొలొమన్ 1993లో మద్రాసునందే ఈ రోగులకై వై.ఆర్.జి. కేర్ అను సంస్థను స్థాపించి, 2015లో కాలధర్మము నొందువఱకు వారి సేవలోనే గడపెను. తరువాతి దశాబ్దమున తమిళనాడు, మహారాష్ట్రము, కర్ణాటకము, మణిపురము, నాగాలాండులతోబాటు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ వ్యాధి ఎక్కువగా వ్యాపించిన ఆరు రాష్ట్రములలో నొకటి యైనది.

1996లో లోకమునకు దొరకిన మందు మనకు వెంటనే దొరకలేదు. దాని వెల ధనిక దేశములలో సంవత్సరమునకు పదివేల డాలర్లకు పైబడి యుండెను. 2001 ఫిబ్రవరిలో బొంబాయి నగరపు సిప్లా కంపెనీ అధిపతి యూసుఫ్ హమీద్ ఆ మూడు మందులను సంవత్సరమునకు 350 డాలర్లకే, అనగా దినమునకు ఒక్క డాలరుకంటె తక్కువకే, ధర్మవైద్యసంస్థ కిత్తునని ప్రకటించెను. పేద దేశములలో మందు అందుటకు అది త్రోవ తీసినది. 2004 ఏప్రిల్ 1వ తేదీన భారత ప్రభుత్వము ఎనిమిది ఆస్పత్రులలో ఉచితముగా మందిచ్చుట ప్రారంభించెను. 2017నుండి రోగ మెంత ముదిరినదని చూడక, క్రిమి సోకినవారి కందఱకును మంది చ్చుచున్నారు. నేడు పెక్కుమందికి దినమునకు ఒక్క మాత్ర చాలును. క్రమము తప్పక మందు పుచ్చుకొని, రక్తపరీక్షకు క్రిమి అందని స్థితికి చేరి, ఆ స్థితిలోనే నిలిచినవారినుండి లైంగిక సంబంధమువలన సైతము వ్యాధి సంక్రమింపదని ఐరోపాలో దంపతులను, జంటలను ఏండ్లకొలది పరిశీలించి 2016లోను 2019లోను ప్రకటించిరి.

2017లో పార్లమెంటు ఈ రోగుల రక్షణకై చట్టము చేసెను. 2018 సెప్టెంబరు 10వ తేదీనుండి అది అమలులోనికి వచ్చినది. ఈ క్రిమి కలదను కారణమున ఎవరినైనను ఉద్యోగమునుండి, బడినుండి, వైద్యమునుండి త్రోసివేయుట ఆ చట్టముచే నిషిద్ధము. ఒకరి సమ్మతి లేక వారి రోగమును బయటపెట్టరాదు. ఒకే యింట కలసియున్న రోగిని ఆ యింటినుండి గాని, ఇంటిలోని యే భాగమునుండి గాని వెలివేయరాదు.

ఈ చివరి వాక్యమును చదివినపుడు నేను కొంతసేపు పుస్తకము మూసి కూర్చుంటిని. ఆ కారణమే మొదట మనవి చేయుదునని చెప్పినది.

నా అన్నగారి కుమారుడు లారీ నడుపుచుండెడివాడు. 2001లో జబ్బుపడి యింటికి వచ్చెను. పట్నపు పరీక్షలో హెచ్.ఐ.వి. యని తేలినది. ఇంటికి పెద్దవాడనైన నేను అందఱి యెదుట తీర్పు చెప్పితిని. అతనికి పశువులపాకలో మంచము వేయించితిని. నీటికి వేఱు గ్లాసు, అన్నమునకు విస్తరి. పిల్లలెవరును ఆ వైపు పోగూడదంటిని. భార్య ఒక్కతె అన్నము పెట్టి వచ్చుచుండెను. యూసుఫ్ హమీద్ ప్రకటన పత్రికలలో వచ్చిన సంవత్సరమును, నేను మా పాకలో మంచము వేయించిన సంవత్సరమును ఒక్కటే. మరుసటి యేడు వానలలో అతడు పోయెను. అప్పటికి మన వైపు మందు లేదన్నది నిజము. మందు లేనందుకు నేను బాధ్యుడను గాను. ఆ గ్లాసునకు మాత్రము నేనే బాధ్యుడను.

అతని భార్యకు కూడ క్రిమి కలదని పిమ్మట తేలినది. ఉచితముగా మందు వచ్చిన తరువాత ఆమె తిని బాగుగా నుండెను. మిరపకల్లములలో తొడిమలు తీయుటకు పోయి బిడ్డను పెంచుకొనెను. బిడ్డ పెండ్లి యీడునకు వచ్చినపుడు, మందుకేంద్రమువద్ద తెలిసినవారి కంటబడిన సంబంధము చెడునని వెఱచి, ఎవరికిని చెప్పక మందు మానెను. ఒక యేడు గడచినది. క్షయ మెదడునకు ప్రాకి కుడిచేయి, కుడికాలు చచ్చుబడినవి. ఆస్పత్రివారు ప్రాణము దక్కించి యింటికి పంపిరి. ఆ పిమ్మట ఏమి చేయవలెనో మాకెవరును చెప్పలేదు. నేనప్పుడే ఈ చరిత్రములు చదువ మొదలిడితిని. పట్నములో ఒక ఫిజియోథెరపిస్టును పట్టుకొని, ఆమెను వారమునకు రెండుమారులు కొనిపోయితిమి. ఆయన రెండు కఱ్ఱల నడుమ నడక నేర్పెను. ఇంటివద్ద వ్రేళ్లకు పని చెప్పవలెననెను. మొదట చేటలో కందులు ఏరించితిమి. ఒక్కొక్క గింజకు ఆమె నుదుట చెమట పట్టెడిది. రెండు నెలలకు గింజ నిలిచినది. నాలుగు నెలలకు మిరపకాయ తొడిమ ఊడినది.

ఆ సంవత్సరము మాఘమాసమున కల్లములు మొదలైనపుడు ఆమెను పనికి ఎవరును పిలువలేదు. ఆమె చేయి తగిలిన కాయలు బేరమునకు రావని ఒక రైతు అనెనట. నేను బోధ చేయబోగా ఆమె ఒక్కమాట యన్నది: ‘‘బిళ్లలు గవర్నమెంటు ఇస్తున్నది మామయ్యగారూ. పనికి పిలిచేవాళ్లు ఊళ్లోనే కావాలి.’’ మఱునాడు ఉదయమున నేనామెను వెంటబెట్టుకొని ఆ రైతు కల్లమునకే పోయి, కాయల రాశిప్రక్కన ఆమెతోబాటు కూర్చుండి తొడిమలు తీయ నారంభించితిని. నాకు చేతనైన పని గాదది. కన్నులు మండినవి. ప్రొద్దెక్కిన పిమ్మట మిగిలిన స్త్రీలు దగ్గఱకు జరిగిరి. మధ్యాహ్నమున ఆమె తెచ్చుకొన్న చెంబులోని మజ్జిగను నేను త్రాగితిని. ఆ రైతు చూచెను. ఏమియు ననలేదు. సాయంకాలము అందఱితోబాటు ఆమెకును కూలి లెక్కపెట్టి యిచ్చెను.

పెద్దలారా! లండనులో అందఱు నిపుణులు చేరి రోగికి వీథి దాటుట నేర్పిరని చెప్పితిని. మన గ్రామములలో అట్టి భవనములు, అందఱు నిపుణులు లేరు. కాని వారి సేవకు కడపటి మెట్టు రోగి యింటికి చేరుటయే. ఆ మెట్టు యే ఆస్పత్రి చేతిలోను లేదు. అది మన అరుగుమీద, మన కల్లములో నున్నది. మందుకేంద్రమునకు పోవుటకు సిగ్గుపడువారికి మీ యూరిలో తోడుగా పోవువారుండునట్లు చూడుడు. రెండు తెలుగు రాష్ట్రములలోను ఈ రోగులకు ప్రభుత్వపు పింఛను కలదు. దరఖాస్తు వ్రాయుటకు సాయపడుడు, వారి రోగము పేరును మాత్రము నలుగురిలో పలుకకుడు. మందుకు వేళ తప్పుచున్నదేమో యింటివారిని మెల్లగా అడుగుడు. ఒకనాడు లేవలేకపోయినవానిని సోమరి యనక, లేచిననాడు పనికి పిలువుడు. వేఱు గ్లాసు ఎచ్చటనైన కానవచ్చినచో దానిని తీసివేయించుడు. ఆ గ్లాసును ఒకప్పుడు స్వయముగా పెట్టించినవాడు చెప్పుచున్న మాట యిది.